ఇంటర్వ్యూకుఁ బోవునపుడు వేషము

(వార్షిక మహాసభ రెండవనాఁటి విద్యార్థి సమావేశమునఁ జేసిన యుపన్యాసము)



కార్యదర్శిగారు మొదట నాకిచ్చిన విషయము "సంస్కృత వాఙ్మయమున వస్త్రప్రశంస." దానికై గ్రంథములు తిరుగవేయుచు నాలుగైదు పుటలు వ్రాసియుంటిని. ఇంతలో నీ వేసవియందు మన వసతిగృహమునఁ జదువుకొనిన పిల్లవాఁడొకఁడు మా యింటికి వచ్చి, "మాస్టారూ, సోమవారము నాకు హైదరాబాదులో ఇంటర్వ్యూ. ఏమి తొడుగుకొని పోవలెను?" అని యడిగెను. ముప్పదిమూఁడేండ్లు పిల్లలకు శబ్దములును ధాతువులును జెప్పిన నేను, "శుభ్రమైన బట్టలు చాలును నాయనా" అని చెప్పి పంపివేసితిని. అది సమాధానము కాదని నాకుఁ దరువాతఁ దెలిసినది. శుభ్రమన నేమో వానికిఁ దెలియును; తెలియకనే యడిగినది వేఱు సంగతి. నేను చెప్పని దానికి వాఁడు మూల్యము చెల్లించెను. కావున వస్త్రప్రశంసను కట్టగట్టి పెట్టెలోఁ బెట్టి, కార్యదర్శిగారి యనుమతితో నా పిల్లవాని ప్రశ్నకే యీ సభలో సమాధానము చెప్పఁబూనితిని. వస్త్రప్రశంసను వినవచ్చిన పండితులు మన్నింతురుగాక.

జరిగిన దిది. నా యొద్దనుండి పోయి వాఁడు మిత్రుల నడిగెను. కోటు లేనివానిని గుమ్మము దాఁటనీయరని వారు చెప్పిరి. ఊరిలో మగ్గమును నమ్ముకొని బ్రదుకుచున్న తండ్రికి వాఁడు ఫోను చేసెను. ఆ తండ్రి నూటికి మూఁడురూపాయల వడ్డీకి పదివేలు తెచ్చి పంపెను. కోటునకును ప్యాంటునకును బూట్లకును ఆ సొమ్ము సరిపోయినది. లోపలికి క్రొత్తచొక్కా కొనుటకు మిగులలేదు. నడివేసవిలో రెండు బస్సులు మాఱి, యా కోటుతోనే యాఫీసు చేరెను. ప్రశ్నించుటకుఁ గూర్చున్న ముగ్గురును టీషర్టులు తొడుగుకొని యున్నారఁట! వారిలో నొకరు వీని చెమటను జూచి, దయతోనే, "కోటు విప్పి సుఖముగాఁ గూర్చుండుము" అనిరి. వీఁడు విప్పలేదు. లోపలి చొక్కా వీఁపున చినిఁగియున్నది. నలువది నిమిషము లా కోటులోనే యుండి, వారడిగిన దానికంటె విప్పుమందురేమో యను భయమునే యెక్కువగా వినుచుఁ గూర్చుండెను.

ఉద్యోగము రాలేదు. కోటువలననే రాలేదని నేననను. చదువులోనో మాటలోనో లోపముండవచ్చును. కాని యప్పు మాత్రము కోటువలననే వచ్చినది. నెలకు మూఁడువందలు వడ్డీ. మగ్గపుగుంటలోఁ గాళ్ళుంచి కూర్చుండువానికి మూఁడువందల రూపాయలన నెంత పనియో యీ సభలోఁ బలువురికి నేను చెప్పనక్కఱలేదు.

పెద్దలు తఱచుగా నుదాహరించు చాటువొకటి కలదు. క్షీరసాగరమును మథించునపుడు సముద్రుఁడు పీతాంబరము గట్టినవానిఁ జూచి కూఁతు నిచ్చెననియు, దిగంబరునిఁ జూచి విషమిచ్చెననియు దాని తాత్పర్యము. బట్టయే యోగ్యతకుఁ బ్రధానమనుటకు దీనిని జెప్పుదురు. నాకిది చిన్ననాఁటి నుండియు రుచింపలేదు. ఆ విషమును మ్రింగఁగలవాఁ డా గుంపులో నొక్కఁడే. ఆ పనికి యోగ్యుఁడెవఁడని వెదకినపు డెవ్వరును ఆతని బట్టను జూడలేదు. విచారించి చూడఁగా పని దొరకినది దిగంబరునకే. అది జీతము లేని పని యగుట వేఱుమాట.

ఇంతకంటె మనకుఁ బనికివచ్చు కథలు రెండున్నవి. శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుఁ డాశ్రమము చొచ్చుటకు ముందు రథము దిగి, యాభరణములను వింటిని సారథిచేతి కిచ్చివేయును. తపోవనమునకు వినయవేషముతోఁ బోవలయునని యాతని తలంపు. చక్రవర్తికి నగలు తక్కువయై కాదు. పోవుచో టెట్టిదో యెఱుఁగును గనుకఁ దీసివేసెను. మన పిల్లవానికి ఆ చోటెట్టిదో చెప్పినవారు లేరు. నేను చెప్పవలసినవాఁడను, చెప్పలేదు.

రెండవది కిష్కింధాకాండములోనిది. హనుమంతుఁడు సుగ్రీవుని పంపున భిక్షురూపముతో రామలక్ష్మణుల కడకు వచ్చెను. నన్నడిగినచో మన వాఙ్మయమున నింతకంటె మంచి ఇంటర్వ్యూ లేదు. విని రాముఁడు తమ్మునితోఁ బలికిన ప్రశంసలో హనుమంతుని కాషాయమునుగూర్చి యొక్క పలుకును లేదు. వాని వ్యాకరణపరిచయమును, ఇంతసేపు మాటలాడినను నపశబ్దము దొరలకుండుటను, కన్నులయందును నుదుటియందును కనుబొమలయందును వికారము లేకుండుటను మెచ్చుకొనెను. అట్లైన వేషము చేసిన పని యేమి? చూచువారికి శంక కలుగనీయక మాటకు దారి విడిచినది. అంతియే. అంతకుమించి వేషమున కే పనియు నప్పగింపరాదు.

ఈ మాట నేను పుస్తకములఁ జదివి యెఱిఁగినది కాదు. 1983వ సంవత్సరమున భాషాప్రవీణయైన పిమ్మట తెలుఁగుపండితుని యుద్యోగమునకై యొక చోట నన్ను ఇంటర్వ్యూకుఁ బిలిచిరి. నా తండ్రిగారా సంగతి విని, మాట యేమియుఁ జెప్పక, పగలు షావుకారు నూలు నేసి రాత్రులు తమ సొంత నూలు నేసి, యెనుబదవనంబరు నూలుతో పంచెలచాపొకటి తయారుచేసిరి. వ్రేలెడు వెడల్పున నెఱ్ఱయంచు. "పండితుఁడవు కదా, యిది కట్టుకొని పొమ్ము" అనిరి. నాకు సిగ్గు వేసినది. ఆ దినములలో టెరికాటను ప్యాంటు లేనివాఁడు మనుష్యుఁడు కాఁడని నా యభిప్రాయము. ప్రక్కయూరి మిత్రుని ప్యాంటు ఎరువు తెచ్చుకొంటిని. నడుము రెండంగుళములు వదులు, బెల్టు లేదు. మొలత్రాటితో బిగించి, చొక్కా పైకి విడిచి పోయితిని.

లోపలివారు మంచివారే. యణాదేశసంధికిఁ గొన్ని యుదాహరణములు నల్లబల్లమీఁద వ్రాయుమనిరి. నా విద్యార్థులు నిద్రలోనైనఁ జెప్పఁగల ప్రశ్న! కాని కుడిచేయి పైకెత్తఁగనే మొలత్రాడు జాఱినట్లు తోఁచెను. ఎడమచేత నడుము పట్టుకొని వ్రాసితిని. "అత్యంతము" అని వ్రాసి, దానిని విడదీయుటలోఁ దప్పితిని. ఎవరో నవ్విరి, తప్పునకు నవ్విరో ప్యాంటునకు నవ్విరో యడిగి తెలిసికొనలేదు. మఱుసటియేఁడు వేఱొకచోట నాకుద్యోగము వచ్చెను. ఆనాఁడు ధరించినది పంచెయుఁ గాదు, ఎరువు ప్యాంటునుఁ గాదు. మా యూరి దర్జీ నా కొలతలు తీసి కుట్టిన సాదా నూలుప్యాంటును తెల్లచొక్కాయును. ఇంటికి వచ్చు వఱకు నే నేమి తొడిగితినో నాకు జ్ఞప్తికి రాలేదు.

నా తండ్రిగా రా పంచెనుగూర్చి యెన్నఁడును అడుగలేదు. అది పెట్టెలోఁ బదునెనిమిదియేండ్లుండెను. నేను దానిని మొదటిసారి కట్టుకొన్నది ఆయన కర్మ పదునొకండవనాఁడు. మడతలు పడినచోట్ల పసుపువన్నె తిరిగియుండెను.

ఇఁక విషయమునకు వత్తము. కొందఱు యువకులు గాంధీమహాత్ముని నుదాహరించి, "మన యిష్టమైన వేషముతో మనము పోవలెను" అందురు. ఆయన 1921 సెప్టెంబరు 22న మదురలోఁ దక్కిన బట్టలు విడిచి కొల్లాయి గట్టెను. 1931లో నా కొల్లాయితోనే, పైన శాలువ కప్పుకొని, లండనులో రాజమందిరమునఁ దేనీటివిందునకుఁ బోయెను. నిజమే. కాని నాయనలారా, ఆయన యచ్చటికి నుద్యోగ మడుగఁబోలేదు. ఉద్యోగములో నున్నవారిని దిగిపొమ్మని చెప్పఁబోయెను. ఆ స్థితిలో మీరున్నపుడు మీ యిష్టము.

పంచె కట్టుట తప్పా యని యడిగిన, కాదు. 2014లో చెన్నపట్టణమున నొక క్లబ్బులో పంచె కట్టుకొని వచ్చిన ఉన్నతన్యాయస్థానపు న్యాయమూర్తిని లోనికి రానీయకపోఁగా, తమిళనాడు శాసనసభవా రట్టి నిషేధములు చెల్లకుండ నా సంవత్సరమే చట్టము చేసిరి. సంస్కృతాధ్యాపకుని పదవికి నేఁడును పంచెయే యందముగా నుండునని నా మతము, నిత్యము కట్టువాఁ డైనచో. నిత్యము కట్టనివాఁ డానాఁడు మాత్రము కట్టినచో కుచ్చెళ్ళు నా మొలత్రాటి గతి పట్టును.

ఏ ఇంటర్వ్యూకు నెంత బరువో కూడఁ దెలిసియుండుట మేలు. కేంద్రప్రభుత్వమువారు 2016 జనవరి 1 నుండి గెజిటెడు కాని బి తరగతి యుద్యోగములకును, సి తరగతికిని ఇంటర్వ్యూలు తీసివేసిరి. వానికి వ్రాఁతపరీక్షయే కాని వేషచింత లేదు. సివిలు సర్వీసులకు మొత్తము 2025 మార్కులలో 275 ఇంటర్వ్యూకు. బ్యాంకుల ప్రొబేషనరీ ఆఫీసరుల యుమ్మడి యెంపికలో వ్రాఁతకు నూటికి ఎనుబది, ఇంటర్వ్యూకు ఇరువది పాలు. వీనిలో నెచ్చటను బట్టకు మార్కు లేదు. అయినను లోనికి వచ్చునపుడు మొదటఁ గనఁబడునది బట్టయే గదా. కావున నాకుఁ దెలిసినంతవఱకుఁ జెప్పెదను.

ప్రభుత్వపు బోర్డులకును బ్యాంకులకును తెల్లని గాని లేనీలపు గాని పూర్తిచేతుల చొక్కా, ముదురువన్నె ప్యాంటు, నల్లబూట్లు చాలును. పెద్దపదవులకుఁ గోటు వేసికొనువారు కలరు. వేసవిలో వేసికొనకపోయిన నెవ్వరును దప్పుపట్టరు. ప్రైవేటు కంపెనీలలో నాచారము కంపెనీకొక తీరు. పోవుటకు ముందు రోజులలో సాయంకాల మా యాఫీసు వదలు వేళ గుమ్మమునకెదుట నొక పావుగంట నిలుచుండి, బయటికి వచ్చువారి బట్టలను జూడుఁడు. వారికంటె నొక్కమెట్టు శ్రద్ధగాఁ బోవలెను. మూఁడు మెట్లు కాదు. దూరప్రాంతమైనచో, పిలుపు పంపినవారినే ఫోనులో "ఏ వేషము మీ యాచారము?" అని యడుగవచ్చును. ఇట్లడిగినందులకు నామోషీ లేదు. మా పిల్లవాఁడు నన్నడుగుటకు బదులు వారినే యడిగియుండిన పదివేలు మిగిలియుండును.

చొక్కా పాతదైనను సరే, మెడపట్టీ యంచు చిట్లియుండరాదు, గుండీలన్నియు నుండవలెను. తొడిగికొని యొక కుర్చీలో కూర్చుండి, ముందునకు వంగి, చేయి పైకెత్తి చూడవలెను. ఈ మూఁడవ పరీక్ష నేను కనిపెట్టినది. క్రొత్తబూట్లు కఱచును, నాలుగు దినములు ముందుగా నింటిలోఁ దొడిగి తిరుగుఁడు. రాత్రి రైలులోఁ బోవువారు పాతబట్టలతోఁ బోయి, స్టేషనులోని విశ్రాంతిగదిలో స్నానము చేసి, మడిచి తెచ్చుకొన్నవి తొడుగుకొనవలెను. జేబులో ఫోను, తాళపుచెవులు, చిల్లర యుబ్బెత్తుగా నుండనీయకుఁడు. అత్తరు వలదు; చల్లని యంత్రము పెట్టి తలుపులు మూసిన గదిలో నది చదువుకంటె ముందు మాటలాడును. అన్నిటికంటెఁ బెద్దది ఇస్త్రీ. ఆఱువందల చొక్కా ఇస్త్రీతో రెండువేల చొక్కాను మించును.

ఐ.టి.ఐ. చదివిన పిల్లలు వేఱు. వారిని కార్ఖానాలో పిలిచి, ఆకురాయి పట్టించియో లేతుయంత్రముకడ నిలిపియో పని చూతురు. అచ్చటికి తెల్లచొక్కాతోను మెఱుఁగుబూట్లతోను బోయిన పిల్లవానిని మేస్త్రీ మొదటిచూపుననే పని యెఱుఁగనివాఁ డనుకొనును. గట్టి ప్యాంటు, బిగువైన చేతులు గల చొక్కా, వ్రేళ్ళు కప్పు గట్టి బూట్లు. ఉంగరము, గడియారము, చేతికి కట్టిన దారపుపోగులు తీసి జేబులో వేసికొనవలెను. తిరుగు యంత్రమునకు భక్తి తెలియదు.

ముఖచిహ్నములనుగూర్చి యొకరు నన్నడిగిరి. నిత్యము బొట్టుపెట్టువాఁ డానాఁడును బెట్టుకొని పోవలెను. నిత్యము పెట్టనివాఁ డానాఁడు మాత్రము దిద్దుకొనిపోవుట దేవునికిఁ గూడ నొక దరఖాస్తు పెట్టినట్లుండును.

మనము నేసిన బట్ట తొడుగుకొని పోరాదా యని మన యిండ్లలోఁ దల్లిదండ్రులడుగుదురు. ఆ ప్రశ్న వెనుక నాత్మగౌరవమున్నది. నేను దానిని ఒకసారి త్రోసిపుచ్చినవాఁడను. పోవచ్చును. మంగళగిరి నూలుబట్ట చొక్కాకు చక్కఁగా నమరును. పొందూరు సన్నఖద్దరు నట్లే. కాని చేనేతబట్టకు రెండు జాగ్రత్తలు కావలెను. అది త్వరగా ముడుతపడును గనుక గంజి, ఇస్త్రీ తప్పవు. ముదురురంగు క్రొత్తబట్టను వేఱుగా రెండుమూఁడుమాఱు లుదికి చూచుకొనవలెను. లేనిచోఁ జెమటకు వన్నె దిగి మెడమీఁద గీఁత తేలును. ఇది బట్టదోషము కాదు, అద్దకపు దోషమని మీకుఁ దెలియును, ఎదుటివారికిఁ దెలియదు. 2015 నుండి ఆగస్టు 7ను జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. ఆనాఁడు చేనేత కట్టుకొని ఛాయాచిత్రములు తీయించుకొను నధికారులు, మఱునాఁడు బల్లవెనుకఁ గూర్చున్నపుడు చేనేతచొక్కా పిల్లవానిఁ జూచి "ఏ యూరు?" అని పెదవి విఱువకున్నఁ జాలునని నా కోరిక. వారీ సభలో లేరు గనుక నింతటితో విడుచుచున్నాను.

ఆఁడుపిల్లల విషయమున మన కార్యవర్గమునందే భిన్నాభిప్రాయములు కలవు. చీరయే కట్టవలెనని నా మిత్రులు కొందఱి పట్టు. వారియెడ గౌరవముతోనే నేను భేదించుచున్నాను. కళాశాలకు నాలుగేండ్లు సల్వారుకమీజుతోఁ బోయిన బాలికకు ఇంటర్వ్యూనాఁడే చీర కట్టి పంపుట నాకు మిత్రుని ప్యాంటు తొడిగినట్లే. పైట జాఱునేమో, కుచ్చెళ్ళు కాలికి తగులునేమో యని యామె మనస్సు సగము బట్టమీఁదనే యుండును. బ్యాంకులోఁ గాని బడిలోఁ గాని నిండైన నూలు సల్వారుకమీజు నెవ్వరును దప్పుపట్టుట నేను వినలేదు. కట్టుట యలవాటైనవారు చీరయే కట్టుదురుగాక. లేవన్నె నూలుచీర, పైట కుట్టుపిన్నుతో భుజమున నిలిపి. పెండ్లిపట్టుచీర మాత్రము వలదు. ఆ చీర ఖరీదు మనకుఁ దెలియును గనుక దానితో గౌరవము కలుగునని తల్లులనుకొందురు, ప్రశ్నించువారికి "ఈమెకు ఉద్యోగ మక్కఱయా?" యను శంకయే కలుగును. గలగలలాడు గాజులు, మువ్వల పట్టాలు ఇంటిలో విడిచిపోవుట మంచిది. ఏమి కట్టవలెనో తల్లి, మేనత్త, మేనమామ, పొరుగింటి పిన్ని కలిసి తీర్మానించు నాచారమును మానుఁడు. పోవునది యామె.

2020లోఁ గరోనా వచ్చినది మొదలు వీడియో ఇంటర్వ్యూలు పెరిగినవి. సన్నగీఁతల చొక్కా కెమెరాలో నలలు నలలుగా మినుకుమినుకుమని కనఁబడును, నిండువన్నెది మేలు. పైన చొక్కా, క్రింద లుంగీతోఁ గూర్చున్న యొక యువకుఁడు, ధ్రువపత్రము చూపుమనఁగనే లేచి బీరువాకడకుఁ బోయిన కథ మీలోఁ బలువురకుఁ దెలియును. ఆతఁడీ సభలోనే యున్నాఁడు గనుకఁ బేరు చెప్పను.

ఇఁక నా మనవి. మన వసతిగృహమున నొక బీరువా యేర్పఱుపవలెను. దానిలో 38 మొదలు 44 వఱకుఁ గొలతల చొక్కాలు, 28 మొదలు 36 వఱకు నడుముకొలతల ప్యాంట్లు, ఆఱు మొదలు పది నంబరుల బూట్లు, బెల్టులు, రెండు ఇస్త్రీపెట్టెలు. ఇంటర్వ్యూకుఁ బోవువాఁడు సంతకము చేసి తీసికొని, యుతికించి తిరిగి యీయవలెను. ఆఁడుపిల్లల రవికయుఁ గమీజును ఒకరి కొలత యొకరికి కుదురదు గనుక వారి కుట్టుకూలి సంఘమే భరింపవలెను.

ఆక్షేపణ లెఱుఁగుదును. ఇతరులు వాడిన చెప్పులను బట్టలను ధరింపరాదని మనుస్మృతి చెప్పుచున్నదని నాతోఁ జదివిన మిత్రులే యందురు. చెప్పుచున్నది. నూటికి మూఁడురూపాయల వడ్డీకిఁ దెచ్చిన కోటు మాత్ర మెవరిదని వారి నడుగుచున్నాను. ఎరువుప్యాంటుతోఁ జెడినవాఁడవు నీవే యెరువుబీరువా పెట్టుమందువా యని మఱికొంద ఱడుగవచ్చును. నన్నుఁ జెఱచినది యెరువు కాదు, కొలత. కావుననే బీరువాతోపాటు, వచ్చిన పిల్లవానిని నిలువఁబెట్టి కుట్టు విప్పి సరిచేసి, పిదప మరల నెప్పటివలెఁ గుట్టఁగల దర్జీ యొకఁడు కావలెను. అట్టివారు మనలోనే కలరు. ఆదివార మొక్కపూఁట వచ్చినఁ జాలును. బూట్లు నేను కొని యిచ్చెదను. బీరువాను దాతలలో నెవరైన నిప్పింతురని నమ్ముచున్నాను.

ఆ పిల్లవాని కోటును కొన్నధరకే సంఘము కొనవలెనని నా తీర్మానమును కార్యవర్గమువారు సాయంకాలపు సమావేశమునఁ జర్చింతురు. వాఁడు దానిని ఒక్కసారియే తొడిగెను. నలువదవ నంబరు, బొగ్గువన్నె. చంకల లోపలిగుడ్డ యొకమాఱు శుభ్రము చేయింపవలెను. ప్రస్తుతము మా యింటిలో నున్నది.